పూత రాకముందే

ఎనిడ్ ట్రెవార్తా తన జీవితంలో ఎన్ని మొక్కలు నాటిందో ఎవరికీ తెలియదు. పీకినవాటి సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు.

మా ఊరు విక్టోరియాలో పడమటి మైదానాల మీద ఉంది. పేరు రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. గోధుమ గోదాములు, రెండు చర్చిలు, ఒక పబ్బు, ఊరి బయట నల్లరాతి గోడ కట్టిన పాత సమాధుల తోట. ఆ తోటలో ఉల్లిగడ్డి అనే కలుపు లేకుండా చూడటం ఎనిడ్ పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. భర్త కోలిన్‌ను అక్కడ పూడ్చిన ఏడాది, సమాధి చుట్టూ పెరిగిన గడ్డి చూసి, కారులోంచి చేతి పార తెచ్చుకుంది. కోలిన్ చుట్టూ పీకింది. పక్కనున్న మామగారి చుట్టూ పీకింది. అక్కణ్ణుంచి ఎవరి దగ్గర ఆపాలో ఆమెకు తోచలేదు.

నేను ఆమె పక్కింట్లో దిగేనాటికి అదొక సంఘమైంది. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం, ఇక్కడ చలికాలం అయిపోయి వసంతం మొదలయ్యే వేళ, శ్రమదానం. అందరూ టోపీలు పెట్టుకుని, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దిండ్లు పట్టుకుని వచ్చేవారు. ఎనిడ్ గేటు దగ్గర నిలబడి ఏటా అదే మాట చెప్పేది.

"పూత రాకముందే పీకాలి. పువ్వు చూశారంటే మీకు జాలేస్తుంది. ఒక్క పువ్వు మీద జాలిపడితే మరుసటేడు వంద మొక్కలు. మనం ఇక్కడికి ముద్దు చేయడానికి రాలేదు."

కాబట్టి ఆ తోటలో మొలిచే గడ్డి ఏ పువ్వు పూస్తుందో ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఎవరూ చూడలేదు.

పని దక్షిణం గోడ నుంచి మొదలయ్యేది. ఉత్తరం మూలకు చేరేసరికి టీ వేళ. అప్పటికి అందరి నడుములూ పడిపోయి ఉండేవి. ఫ్లాస్కుల మూతలు విప్పుతున్న చప్పుడు వింటూ పైపైన నాలుగు ఆకులు తుంచి సంచిలో వేసి లేచేవారు. ఎనిడ్‌కు ఇది తెలుసు. మనుషుల్లో ఆమె చూసీ చూడనట్టు వదిలేసిన లోపం నాకు తెలిసి ఇదొక్కటే. పీకిన గడ్డినంతా ఆమె కారుకు తగిలించిన ట్రైలర్‌లో ఇంటికి తెచ్చి, పెరట్లో వాన నీళ్ల ట్యాంకు పక్కన పీపాల్లో నీళ్లు పోసి కుళ్లబెట్టేది. చెత్తకుప్పలో పారేస్తే మళ్లీ మొలుస్తుందట. చంపితే చచ్చేదాకా చంపాలన్నది ఆమె పద్ధతి.

ఆమె వదిలెయ్యనిదానికి ఉదాహరణ కావాలంటే నోరీన్ స్టబ్స్ వాళ్లమ్మ సమాధి. దాని మీద నోరీన్ ఫ్రీసియాలు పెంచింది. గంటల్లాంటి పూలు, దారిన పోయేవాళ్లను ఆపేంత వాసన. కానీ అవి ఒకచోట ఉండవు, గింజ రాలి గోడ దాటి పొలాల్లోకి పోతాయి. ఒక శనివారం నోరీన్ టీకి నీళ్లు కాస్తుండగా ఎనిడ్ వాటిని దుంపలతో సహా తవ్వి ట్రైలర్‌లో వేసింది. "అది కలుపు, నోరీన్. మీ అమ్మగారి మీద నాకు గౌరవమే" అని మాత్రం చెప్పింది. ఆ తరువాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మానలేదు. మా ఊళ్లో ఎవరూ అలా మానరు. ప్రతి మాటలోనూ ఆ ఫ్రీసియాలు ఉండేవి, అంతే.

పోయిన చలికాలం ఎనిడ్‌కు తుంటి కీలు మార్చారు. మోకాళ్ల మీద కూర్చోకూడదన్నారు, కారు నడపకూడదన్నారు. కారులో తిప్పే పని నాకు పడింది. కిటికీలోంచి సొంత పెరట్లో కలుపు పెరగడం చూస్తూ కూర్చునే పని ఆమెకు పడింది. రెంటిలో ఏది కష్టమో చెప్పలేను.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం కంచె మీద కర్రతో కొట్టి పిలిచింది.

"ఇటు రా. ఫోను పట్టుకు రా. నవ్వావంటే మాత్రం ఊరుకోను."

ట్యాంకు పక్కన, ఎండ తగిలే గోడ వారగా, గడ్డిలాంటి ఆకుల మధ్య ఒక సన్నని కాడ. కాడ మీద మూడు పూలు. వెన్న కలిసిన తెలుపు, గొంతు దగ్గర గోధుమరంగు చుక్కలు. వంగి వాసన చూశాను. పాలపొడి డబ్బా కొత్తగా తెరిచినప్పటి వాసన.

"మీరు వేశారా?"

"నేనా? నేనెప్పుడైనా పువ్వు వేయడం చూశావా? ఫోనును అడుగు. దానికి అన్నీ తెలుసంటావుగా."

ఫోను మొదట ఫ్రీసియా అంది. ఇంకో ఫొటో తీస్తే ఉల్లి అంది. మూడోసారి, ముందు రెండూ అననట్టే, కుంకుమపువ్వు అంది.

"నాకంటే తెలివి తక్కువ. పైగా దానికంతా నమ్మకమే" అంది ఎనిడ్.

ఆమె దాన్ని పీకలేదు. ఊళ్లో ఇది వార్త. వారం తిరక్కుండా తోటమాలుల క్లబ్బులో తేలింది. ప్రతి నెలా ఒకరోజు మెకానిక్స్ హాలనే ఊరి సమావేశ మందిరంలో జరిగే ఆ సమావేశానికి ఎనిడ్ ఒక పువ్వు తుంచి జామ్ సీసాలో పెట్టుకొచ్చింది. అధ్యక్షుడు క్లైవ్ బ్యాంకు మేనేజరుగా రిటైరైనవాడు. సీసాను దీపం ముందు పెట్టి, సంతకం దొంగదేమోనన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది విదేశీ మొక్క. చూడగానే తెలుస్తోంది. ఇంత అందమైనది మన ఊళ్లో ఎలా పుడుతుంది?"

అందరూ ఒప్పుకున్నారు. ఏ దేశానిదన్న దగ్గర మాత్రం రెండు వర్గాలయ్యాయి. కొబ్బరి కోరు అద్దిన లామింగ్టన్ కేకులు అయిపోయేదాకా చర్చ నడిచింది. అప్పుడు నోరీన్ గొంతు సవరించుకుంది.

"నాకు తెలియక అడుగుతున్నాను. పూత వచ్చేసిందిగా, ఇంకా పీకలేదేం?"

"పేరు తెలియనిదాన్ని పీకను" అంది ఎనిడ్.

"ఓహో. మా అమ్మ పూలు చేసిన తప్పల్లా పేరుండడమేనన్నమాట."

హాలంతా నవ్వింది. ఎనిడ్ కూడా పెదవులు కదిపింది. ఆ ఏడు శ్రమదానం నడిపేది తనే కాబట్టి నోరీన్ ఆ నవ్వు ఆరకముందే ప్రకటన కూడా చేసేసింది.

"ఈ శనివారం ఉత్తరం మూల నుంచి మొదలెడదాం. ఏటా దాన్ని సగంలో వదిలేస్తున్నాం. ఒక్క ఆకు మిగలకూడదు. ఎనిడ్‌కు తుంటి బాగోలేదు కదా అని పని చెడిందనిపించుకోకూడదు."

ఎనిడ్ తలూపింది. "చేతి పారతో కాదు, గునపంతో తవ్వండి. దుంప లోతుగా ఉంటుంది" అని సలహా కూడా ఇచ్చింది.

నేను తీసిన ఫొటోలను నగరంలో మొక్కలు పరీక్షించే సంస్థకు పంపించాం. జవాబు వస్తుందనుకోలేదు. మర్నాడే మనిషి వచ్చింది. టెస్ మార్కోవిచ్ అని, ముప్పై ఏళ్లుంటాయేమో, మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి టీ కూడా వద్దంది. ట్యాంకు పక్కన బోర్లా పడుకుని భూతద్దంతో చాలాసేపు చూసింది. లేచినప్పుడు ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఎనిడ్‌కు అది నచ్చలేదు.

"పుప్పొడి పడదా నీకు?"

"అది కాదు. ఇది ఈ జిల్లాలో లేదనుకున్నాం. మా తాత పుట్టకముందే పోయిందని రాసి ఉంది." రెండు మాటల లాటిన్ పేరు చెప్పింది. అందులో రెండోది ఎవరో జర్మన్ దొర పేరట. "ఇది ఇక్కడిదే, ఎనిడ్. ఈ మైదానాల పువ్వు. వలస వచ్చినవాళ్లు గొర్రెలు తోలుకురాకముందు తివాచీలా ఉండేదట. ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"తేలేదు. నా పెరట్లోనే మొలిచింది."

"దుంప దానంతటది నడిచి రాదు కదా. కొత్త మట్టి ఏమైనా పోయించారా? బయటి నుంచి ఏమైనా తెచ్చారా?"

ఎనిడ్ ట్యాంకు వైపు చూసింది. పీపాల వైపు చూసింది. అంతకుముందేడు ఒక పీపాకు చిల్లు పడి, ఆ నల్లటి నీళ్లూ అడుగు మడ్డీ ఆ గోడ వారనే పారిన సంగతి నాకు గుర్తొచ్చింది. ఆమెకు నాకంటే ముందే గుర్తొచ్చి ఉంటుంది. చాలాసేపు కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"కారు తియ్యి" అంది నాతో.

సమాధుల తోటలో దక్షిణం నుంచి నడుచుకుంటూ వెళ్లాం. చూపు తిప్పిన చోటల్లా, అక్కడక్కడ ఉల్లిగడ్డి మొలకలు తప్ప, శుభ్రమైన నేల. ఉత్తరం మూలలో ఆకుపచ్చగా ఉంది. టెస్ మళ్లీ బోర్లా పడుకుని ఒక్కొక్క ఆకూ వేళ్ల మధ్య జార్చి చూడసాగింది.

"ఇది ఉల్లిగడ్డి. ఇదీ ఉల్లిగడ్డే. ఇది కాదు. ఇదిగో, ఇది కాదు. ఇదీ కాదు..." ఆమె గొంతు హెచ్చింది. "చూశారా? ఉల్లిగడ్డి ఆకు దారంలా గుండ్రంగా ఉంటుంది. దీనిది బల్లపరుపు, మధ్యలో సన్నటి గాడి. మొదలు దగ్గర కొంచెం ఎరుపు. మీ ఇంట్లో గోడ వెచ్చదనానికి ముందే పూసింది. ఇక్కడివి ఇంకో రెండు మూడు వారాలు తీసుకుంటాయి."

ఎనిడ్ కష్టపడి వంగి ఒక ఆకును వేలితో తడిమింది.

"ఈ గాడి ఎప్పటి నుంచి ఉంది?"

టెస్‌కు ప్రశ్న అర్థం కాలేదు. "ఎప్పుడూ ఉంటుంది."

"ఊఁ."

"ఆశ్చర్యంగా ఉంది. తోటంతా పోయి ఈ మూల ఒక్కటే ఎలా మిగిలింది? ఇక్కడ ఎవరూ పని చేయరా?"

"ఇక్కడికొచ్చేసరికి టీ వేళవుతుంది" అంది ఎనిడ్.

టెస్ నవ్వబోయి ఎనిడ్ ముఖం చూసి ఆగింది. అప్పుడు ఆ మాట చెప్పింది. చోటు సంగతి ఎవరికీ చెప్పకూడదు. వేరే జిల్లాలో ఇలాంటిదే ఒకటి పత్రికలో పడితే, అరుదైన దుంపలు పోగుచేసే పిచ్చివాళ్లు పారలతో వచ్చి ఊడ్చుకుపోయారట. కంచె వేయించడానికి తను కాగితాలు కదుపుతుంది. కానీ అది క్రిస్మస్ నాటికి తేలితే గొప్ప. "అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టకుండా చూడాలి. ఎందుకో చెప్పకుండా. మీవల్ల అవుతుందా?"

"ఈ తోటలో నా మాటే నడుస్తుంది" అంది ఎనిడ్.

అది గురువారం. శ్రమదానం శనివారం. ఆ ఏడు నడిచేది నోరీన్ మాట.

ఇంటికొచ్చే దారిలో ఎనిడ్ గోళ్లలో ఇరుక్కున్న మట్టి తీసుకుంటూ కూర్చుంది.

"మీకు తెలియదు కదా" అన్నాను.

"తెలియనివి పీకడమేగా ఇన్నాళ్లూ చేసింది." కాసేపటికి మళ్లీ అంది, "ఎవరికీ చెప్పొద్దంది. నయమే. చెప్పమనుంటే ఏం చేసేదాన్నో."

శుక్రవారం మధ్యాహ్నం నోరీన్ ఇంటికి తీసుకెళ్లమంది. ఒళ్లో స్కోన్ల డబ్బా ఉంది, టీతో తినే చిన్న రొట్టెలు. డబ్బా ఆమెది, స్కోన్లు బేకరీవి. నోరీన్ ఒక స్కోన్ విరిచి చూసి, "బాగా పొంగాయి, నువ్వు చేసినవి కావు" అంది. మంచి శకునమే అనుకున్నాను.

"నోరీన్, రేపు ఉత్తరం మూల వదిలెయ్యండి."

"ఎందుకు?"

"నేను చూసుకుంటాను."

"నీ తుంటితోనా?"

"మెల్లగా చూసుకుంటాను."

"ఎనిడ్, ఆ మూల ఎలా ఉందో చూశావా? మా మేనకోడలు బస్సులోంచి చూసి అడిగింది, ఎనిడ్ పోయిందా అని. కారణం చెప్పు."

"చెప్పలేను."

"డాక్టరు ఏమైనా అన్నాడా? తల తిరుగుతోందా?"

"తల బాగానే ఉంది. నోరీన్, ముప్పై ఏళ్లలో నిన్ను ఎప్పుడైనా ఒక్కటి అడిగానా?"

"లేదు. అడగడం నీకు అలవాటెక్కడిది? చెప్పేదానివి."

ఎనిడ్ టీ కప్పు కింద పెట్టింది. కప్పులో టీ ముట్టనే లేదు. నోరీన్ అది చూసింది. చేతులు తుడుచుకుని, "రా, నీకొకటి చూపిస్తా" అని లేచింది.

బట్టలుతికే గది వెనక, వీధిలోంచి కనబడని చోట, పాత రేకు తొట్టి ఉంది. దాని నిండా ఫ్రీసియాలు. మొగ్గలు సగం విచ్చుకున్నాయి. ఆ వాసనకు గోడ కూడా మెత్తబడేలా ఉంది.

"ఆ రోజు నువ్వు టీ తాగుతుండగా నీ ట్రైలర్‌లోంచి తీసుకున్నాను. నా జేబులో పట్టినన్ని. పన్నెండేళ్లు. నువ్వు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ దీని మీద దుప్పటి కప్పేదాన్ని, తెలుసా? నా ఇంట్లో నేను దొంగసారా కాచినట్టు."

ఎనిడ్ తొట్టి అంచు తడిమింది. పీపా చిల్లు గురించి ఆలోచిస్తోందో ఏమో.

"నీకు ఉత్తరం మూల కావాలి. కారణం నాకొద్దు. మా అమ్మకు ఇవి కావాలి. నువ్వే నాటాలి. నీ చేత్తో, రేపు, అందరి ముందూ."

"గింజ పడుతుంది నోరీన్. గోడ దాటుతాయి. ఎటైనా వెళ్తాయి." చివరి మాట అంటూ ఉత్తరం వైపు చూడబోయి ఆగింది.

"పడనీ. ఒక్కరోజు నీకు కూడా జాలేస్తే ఏమవుతుందో చూస్తాను."

కారులో అడిగాను, ఏం చేస్తారని.

"ఏం చేస్తాను? దిండు తెచ్చుకోవాలి" అంది.

శనివారం పొద్దున్న అందరూ గేటు దగ్గర చేరారు. నోరీన్ తొట్టిని తోపుడు బండిలో తెచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎనిడ్ వాళ్లందరి ముందు నుంచి కర్ర ఊనుకుంటూ నడిచింది. మోకాళ్ల మీద కూర్చోవద్దన్న డాక్టరు మాట నేను గుర్తు చేస్తే విననట్టు నటించింది. నా భుజం పట్టుకుని, ఒక్కో మోకాలూ దించి, నోరీన్ వాళ్లమ్మ సమాధి అంచున దిండు మీద కూర్చుంది. మట్టి తవ్వింది. ఫ్రీసియాలను దుబ్బు దుబ్బుగా తీసి పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. ఆమెకు నాటడం రాదు. మరీ గట్టిగా అదిమింది. నోరీన్ "మెల్లగా, గొంతు పిసుకుతున్నట్టు అలా ఏమిటి" అని రెండుసార్లు అంది.

చివరికి క్లైవ్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఎనిడ్, ఆపరేషన్లో తుంటి ఒక్కటే మార్చారా?"

"నీళ్ల డబ్బా ఇటివ్వు క్లైవ్" అంది ఎనిడ్.

నోరీన్ అప్పుడు గేటు దగ్గరకెళ్లి ప్రకటించింది. "ఎప్పటిలాగే దక్షిణం నుంచి మొదలెట్టండి. ఉత్తరం మూల ఎనిడ్ చూసుకుంటుంది. ఎవరూ అటు వెళ్లొద్దు." ఎందుకని క్లైవ్ అడిగితే, "ఎందుకంటే నేను చెబుతున్నాను కాబట్టి" అంది. ఆ గొంతు మా అందరికీ అలవాటైనదే. మనిషే మారింది.

ఆ ఏడు వసంతంలో సమాధుల తోటకు జనం ఎక్కువగా వచ్చారు, ఫ్రీసియాలు చూడటానికి. జిల్లా పత్రికవాడు వచ్చి వాటి పక్కన ఎనిడ్‌ను నిలబెట్టి ఫొటో తీశాడు. కింద 'కరిగిన కలుపు రాణి' అని వేశాడు. బేకరీ అమ్మాయి అది కత్తిరించి అద్దానికి అంటించింది. పొగిడినవాళ్లే ఇంటికెళ్తూ దారిలో ఇంకో మాట కూడా అనుకునేవారు: పాపం, ఎనిడ్‌కు చూపు పోయినట్టుంది, ఉత్తరం మూల అడవి అయిపోయింది, చెబితే నొచ్చుకుంటుంది. ఒకరు పురపాలక ఆఫీసుకు ఫిర్యాదు కూడా చేశారు. ఆమె సంపాదించుకున్న పేరు అంతా ఆ తోట శుభ్రం మీద నిలబడినది. అది మూల నుంచి మొదలై కరుగుతుంటే ఆమె సరుకులు కొనుక్కుంటూ, తలూపుతూ, వింటూ తిరిగింది. నాకే నోరు దురద పెట్టేది. "నోరు ముయ్యి, పోయేది నా పేరేగా, తుంటి కాదు కదా నొప్పి పెట్టడానికి. నాలుగు రోజుల్లో వాళ్లే మర్చిపోతారు" అనేది.

వాళ్లు మర్చిపోలేదు. కానీ ఉత్తరం మూల వైపు ఎవరూ వెళ్లలేదు. కలుపును చూడటానికి ఎవరు వెళ్తారు?

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె కత్తెర తెచ్చుకుని తోటకు తీసుకెళ్లమంది. ఫ్రీసియాలు వాడిపోతున్నాయి. ఆమె దిండు మీద కూర్చుని వాడిన ప్రతి కాడనూ, గింజ పట్టకముందే, కత్తిరించి సంచిలో వేసుకుంటోంది. ఒక్కటి కూడా వదలడం లేదు. నోరీన్ ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"వాడినవి తీస్తున్నాను. తీస్తే వచ్చే ఏడు ఇంకా బాగా పూస్తాయి."

అది నిజమే. ఏ తోటమాలి అయినా ఆ మాటే చెబుతాడు. నోరీన్ ముఖం వికసించింది. ఆమె కూడా కింద చతికిలబడి, గోళ్లతో కాడలు తుంచి ఎనిడ్ సంచిలో వేయసాగింది. ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. గాలి ఉత్తరం నుంచి వీచింది. పాలపొడి డబ్బా తెరిచిన వాసన.

నోరీన్ తలెత్తి కళ్లు చికిలించింది.

"ఆ మూలలో ఏదో తెల్లగా పూసినట్టుంది. చాలా ఉన్నాయే. ఏమిటవి?"

ఎనిడ్ కత్తెర ఆపలేదు.

"ఉల్లిగడ్డి."

"మరి పీకవా?"

"పూత వచ్చేసిందిగా" అంది ఎనిడ్. "ఈ ఏటికి ఆలస్యమైపోయింది."

"ముసలిదానివైపోయావు ఎనిడ్."

"అవును" అంది ఎనిడ్, ఇంకో కాడ కత్తిరిస్తూ.